గజిని సినిమాలో చెప్పని కథ: ఒక పీహెచ్‌డీ స్టూడెంట్, ఒక పేషెంట్, మన జ్ఞాపకం

ఇవాళ్టి ఎపిసోడ్ కాస్త పెద్దది. బస్సులో ఉన్నా, హాస్టల్లో ఉన్నా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని స్థిమితంగా వినండి. మధ్యలో వదిలేస్తే సగం కథే తెలుస్తుంది.

గజిని సినిమా మీలో చాలామంది ఏదో ఒక ఆదివారం టీవీలో చూసే ఉంటారు. హీరోకి కొద్ది నిమిషాలకోసారి అన్నీ మర్చిపోయే జబ్బు. ఒంటి మీద పచ్చబొట్లు, జేబులో ఫొటోలు. ఆ సినిమా తర్వాత మనందరి నోట్లో ఒక మాట స్థిరపడిపోయింది, షార్ట్ టర్మ్ మెమరీ లాస్ అని. ఫ్రెండ్ వంద రూపాయలు అప్పు తీసుకుని మర్చిపోతే చాలు, "నీకు షార్ట్ టర్మ్ మెమరీ లాస్ రా" అంటాం.

కానీ ఆ పేరు తిరగబడింది. అలాంటి మనిషికి షార్ట్ టర్మ్ మెమరీ బాగానే ఉంటుంది. మీరొక ఫోన్ నంబర్లో ఆరు అంకెలు చెబితే వెంటనే తిరిగి చెప్పగలడు. పాడైంది అది కాదు. ఇప్పుడు మనసులో ఉన్నదాన్ని రేపటికి దాచిపెట్టే పని పాడైంది. ఈ రెండూ వేర్వేరని మనకి ఎలా తెలిసింది? దీని వెనక ముప్పై దాటాక పీహెచ్‌డీలో చేరిన ఒక ఆవిడ ఉన్నారు. పేరు బ్రెండా మిల్నర్. ఆవిడతో పాటు ఇంకో మనిషి కూడా ఉన్నాడు. అతనికి ఆవిడ ఎవరో ఒక్కరోజు కూడా గుర్తులేదు.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో చెప్తాను. బీటెక్ చదువుతున్నవాళ్లు, చదివేసినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, కాగ్నిటివ్ సైకాలజీలోనో న్యూరోసైకాలజీలోనో పీజీ చేద్దామని ఉంది. ఇంట్లో పిచ్చోళ్ల డాక్టరువి అవుతావా అంటున్నారు. అసలు అందులో ఏం చదువుతారు?" సిలబస్ పీడీఎఫ్ చూపిస్తే ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. ఆ చదువు ఎలా పుట్టిందో చూస్తే దొరుకుతుంది.

ముందు ఆ రెండు మాటల అర్థం చూద్దాం. కాగ్నిటివ్ సైకాలజీ అంటే మనసు చేసే పనుల్ని, అంటే గమనించడం, గుర్తుపెట్టుకోవడం, భాష, నిర్ణయాలు, వీటిని ప్రయోగాలతో కొలిచే శాస్త్రం. 1967లో అల్రిక్ నైసర్ ఇదే పేరుతో పుస్తకం రాశాక ఆ పేరు బాగా నిలబడింది. న్యూరోసైకాలజీ అదే పనుల్ని మెదడు వైపు నుంచి చూస్తుంది. మెదడులో ఫలానా చోట దెబ్బ తగిలితే మనిషి ఏ పని చేయలేకపోతున్నాడు, ఏ పని ఇంకా చేయగలుగుతున్నాడు అని చూస్తుంది. ఈ రెండో సగం చాలా ముఖ్యం. ఏం పోయిందో ఎవరైనా చూస్తారు. ఏం మిగిలిందో చూడటానికి ఓపిక కావాలి.

ఇక కథలోకి వద్దాం.

బ్రెండా 1918లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పుట్టారు. 1936లో కేంబ్రిడ్జిలో లెక్కలు చదవడానికి చేరారు. లెక్కల్లో తను గొప్పదాన్ని కాలేనని అనిపించి సైకాలజీకి మారారు. 1939లో డిగ్రీ పూర్తయింది, అదే ఏడాది యుద్ధం మొదలైంది. పైలట్లుగా ఎవరు పనికొస్తారో తేల్చే పరీక్షలు తయారు చేసే పనిలో కొన్నాళ్లు, తర్వాత రాడార్ పరిశోధన జరిగే చోట కొన్నాళ్లు పనిచేశారు. అక్కడే పీటర్ మిల్నర్ అనే ఎలక్ట్రికల్ ఇంజినీరు పరిచయమయ్యాడు. 1944లో పెళ్లి చేసుకుని ఇద్దరూ కెనడా వెళ్లారు. పీటర్‌కి అక్కడ అణుశక్తి ప్రాజెక్టులో పని. బ్రెండా మాంట్రియల్ యూనివర్సిటీలో టీచింగ్‌లో చేరారు. అక్కడ పాఠాలు ఫ్రెంచ్‌లో చెప్పాలి, చెప్పారు కూడా.

అదే ఊళ్లో మెక్‌గిల్ యూనివర్సిటీ ఉంది. 1947లో అక్కడికి డొనాల్డ్ హెబ్ ప్రొఫెసర్‌గా వచ్చాడు. కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఈ పేరు విని ఉంటారు. నేను బీటెక్‌లో ఉన్నప్పుడు సాఫ్ట్ కంప్యూటింగ్ సబ్జెక్టులో హెబ్ రూల్ ఉండేది. రెండు యూనిట్లు పదే పదే కలిసి పనిచేస్తే వాటి మధ్య కనెక్షన్ బలపడుతుంది, అంటే వెయిట్ పెరుగుతుంది. పరీక్షకి ముందురోజు బట్టీ పట్టి రాసేశాం. ఆ హెబ్ ఇంజినీరు కాదని, సైకాలజిస్టు అని మా క్లాసులో ఎవరూ అనుకోలేదు. ఆ ఆలోచన ఆయన 1949లో రాసిన ది ఆర్గనైజేషన్ ఆఫ్ బిహేవియర్ పుస్తకంలోది. అది అచ్చుకాకముందే సెమినార్‌లో విద్యార్థులతో ఆ రాతప్రతిని చదివించి చర్చ పెట్టేవాడు. ఆ సెమినార్‌లో కూర్చున్నవాళ్లలో బ్రెండా ఒకరు. పీటర్ కూడా ఇంజినీరింగ్ వదిలి హెబ్ దగ్గర సైకాలజీ పీజీలో చేరాడు. 1954లో జేమ్స్ ఓల్డ్స్‌తో కలిసి ఒక ప్రయోగం ప్రచురించాడు. ఎలక మెదడులో ఒక చోట చిన్న కరెంటు ఇస్తే, ఆ కరెంటు కోసం అది మీట నొక్కుతూనే ఉంటుంది. ఇవాళ రీల్స్, నోటిఫికేషన్ల గురించి డోపమిన్ డోపమిన్ అని మాట్లాడుకుంటున్నాం కదా, ఆ మాటలకి పాత తాతయ్య ఈ ప్రయోగమే. అంటే ఇంజినీరింగ్ నుంచి ఇటు రావడం ఇవాళ్టి ఫ్యాషన్ కాదు, డెబ్బై ఏళ్ల పైబడిన దారి.

మాంట్రియల్‌లోనే ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. వైల్డర్ పెన్‌ఫీల్డ్, న్యూరోసర్జన్. 1934లో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టింది ఆయనే. మందులకి లొంగని ఫిట్స్ ఉన్నవాళ్లకి, ఫిట్స్ ఎక్కడ మొదలవుతున్నాయో ఆ ముక్క తీసేసే ఆపరేషన్ చేసేవాడు. పేషెంట్ మెలకువగానే ఉండేవాడు. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు కాబట్టి తలపై చర్మానికి మత్తిస్తే సరిపోతుంది. చిన్న కరెంటుతో ఒక్కో చోట తాకుతూ, "ఇప్పుడేమనిపించింది?" అని అడిగి, మాట పోయే చోటు, చెయ్యి కదిలే చోటు గుర్తుపెట్టుకుని, వాటిని వదిలేసి కత్తి పెట్టేవాడు.

హెబ్ తన విద్యార్థి ఒకరిని పెన్‌ఫీల్డ్ పేషెంట్లని చదవడానికి పంపే అవకాశం వచ్చింది. 1950లో బ్రెండా వెళ్లారు. సర్జన్ల రాజ్యం అది. సైకాలజిస్టు అక్కడ ఏం చేస్తాడో చాలామందికి తెలియదు, కుర్చీ కూడా ఎవరూ సిద్ధంగా పెట్టలేదు. చేతిలో స్కానర్ లేదు. ఎంఆర్‌ఐ పుట్టడానికి ఇంకా రెండు దశాబ్దాల పైనే ఉంది. ఆవిడ దగ్గరున్నది కాగితం, పెన్సిల్, కొన్ని బొమ్మలు, ఒక స్టాప్‌వాచ్, బోలెడంత ఓపిక. ఆపరేషన్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ప్రతి పేషెంటునీ కూర్చోబెట్టి పరీక్షలు పెట్టేవారు. కణతల దగ్గర లోపల ఉండే టెంపొరల్ లోబ్ ఆవిడ టాపిక్. ఎడమవైపు దెబ్బతిన్నవాళ్లు మాటలు, కథలు గుర్తుపెట్టుకోవడంలో తడబడుతున్నారు. కుడివైపు వాళ్లకి బొమ్మల పరీక్షల్లో ఇబ్బంది. 1952లో పీహెచ్‌డీ వచ్చింది.

ఇక్కడ మనవాళ్లయితే ఏమంటారు? "డిగ్రీ వచ్చింది, యూనివర్సిటీలో పర్మనెంట్ ఉద్యోగం ఉంది, ఇంకేం కావాలి తల్లీ, హాయిగా ఉండు." హెబ్ కూడా సర్జన్ల చోట సైకాలజిస్టు నిలదొక్కుకోవడం కష్టమనే అన్నాడు. ఆవిడ మాత్రం టీచింగ్ ఉద్యోగం వదిలేసి ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉండిపోయారు. కారణం, అప్పటికే ఆవిడని ఇద్దరు పేషెంట్లు నిద్రపోనివ్వడం లేదు.

పెన్‌ఫీల్డ్ ఎప్పుడూ ఒకవైపే తీసేవాడు. అలా తీసిన పదుల మందిలో ఎవరికీ పెద్దగా మతిమరుపు రాలేదు. కానీ ఇద్దరికి మాత్రం, ఎడమవైపు ఒక్కటే తీసినా, కొత్త విషయం ఏదీ నిలవడం లేదు. వాళ్లలో ఒకతన్ని పేపర్లలో పి.బి. అంటారు, వృత్తిరీత్యా ఇంజినీరు. తెలివి తగ్గలేదు, మాట తగ్గలేదు, పొద్దున ఏం జరిగిందో మాత్రం తెలియదు.

ఎందుకిలా? పెన్‌ఫీల్డ్, మిల్నర్ ఒక ఊహ చేశారు. దాన్ని మన ఇంటి భాషలో చెప్తాను. ఇంట్లో కరెంటు ఉంది, ఇన్వర్టర్ కూడా ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు ఉన్నంతసేపూ ఆ సంగతి ఎవరికీ తెలియదు. కరెంటు పోయిన రోజు ఇల్లంతా చీకటి. అలాగే ఈ ఇద్దరికీ కుడివైపు హిప్పోకాంపస్ చాలాకాలం కిందటే పాడై ఉండాలి, ఇప్పుడు ఎడమది కూడా తీసేసరికి రెండూ పోయినట్టయింది. హిప్పోకాంపస్ అంటే టెంపొరల్ లోబ్ లోపలి అంచున వంపు తిరిగి ఉండే భాగం, సీహార్స్‌లా ఉంటుందని ఆ పేరు. చాలా ఏళ్లకి పి.బి. వేరే కారణంతో చనిపోయినప్పుడు మెదడు పరీక్షించారు. కుడి హిప్పోకాంపస్ నిజంగానే కుంచించుకుపోయి ఉంది.

కానీ 1955 నాటికి అది ఊహ మాత్రమే. ఆ ఏడాది చికాగోలో న్యూరాలజిస్టుల సమావేశానికి ఈ ఇద్దరి గురించి పేపర్ సిద్ధం చేశారు. దాని సారాంశం చదివిన ఒక సర్జన్ అమెరికా నుంచి పెన్‌ఫీల్డ్‌కి ఫోన్ చేశాడు. పేరు విలియం స్కోవిల్, ఊరు కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్. నా పేషెంట్ ఒకతను కూడా అచ్చం ఇలాగే ఉన్నాడు అన్నాడు.

ఆ పేషెంటే హెన్రీ మోలైసన్. 1926లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి ఫిట్స్. వయసుతో పాటు పెరిగాయి. మందులు పనిచేయలేదు, ఉద్యోగం సరిగా చేసుకోలేని స్థితి. 1953లో, 27 ఏళ్ల వయసులో, స్కోవిల్ ఆపరేషన్ చేశాడు. పెన్‌ఫీల్డ్ ఒకవైపు తీస్తే, స్కోవిల్ రెండువైపులా టెంపొరల్ లోబ్ లోపలి భాగాలు తీసేశాడు. ఇది ప్రయోగాత్మకమైన ఆపరేషన్ అని స్కోవిల్ తర్వాత తన పేపర్‌లోనే రాసుకున్నాడు. ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ ఆపరేషన్ తర్వాత హెన్రీ ఆస్పత్రిలో రోజూ చూసే మనుషుల్ని గుర్తుపట్టలేదు, బాత్రూమ్‌కి దారి నేర్చుకోలేకపోయాడు.

బ్రెండా రైలెక్కి మాంట్రియల్ నుంచి హార్ట్‌ఫర్డ్ వెళ్లారు. 1955 ఏప్రిల్‌లో మొదటి పరీక్షలు. తేదీ అడిగితే 1953 మార్చి అన్నాడు. వయసు 27 అన్నాడు. అప్పటికి అతనికి 29. ఐక్యూ మాత్రం 112, ఆపరేషన్‌కి ముందు 104. ఫిట్స్ తగ్గినందువల్ల కావచ్చు, ఇంకాస్త మెరుగైంది. చక్కగా మాట్లాడతాడు, మర్యాదస్తుడు, జోకులు అర్థమవుతాయి. బ్రెండా గదిలోంచి బయటికెళ్లి కాసేపటికి తిరిగొస్తే మళ్లీ కొత్తగా పరిచయం చేసుకోవాలి. ఇంట్లో గడ్డి కోసే మెషీన్‌తో బాగానే కోస్తాడు, కానీ నిన్న వాడిన మెషీన్ ఎక్కడుందో వాళ్లమ్మ చెప్పాలి. అదే పజిల్ మళ్లీ మళ్లీ పెడతాడు, అదే పత్రిక మళ్లీ మళ్లీ చదువుతాడు, రెండూ అతనికి కొత్తవే.

ఒకసారి ఆవిడ 584 అనే అంకె గుర్తుపెట్టుకోమన్నారు. పావుగంట తర్వాత అడిగితే టక్కున చెప్పాడు. ఎలా గుర్తుందంటే, 5, 8, 4 కలిపితే 17, అందులోంచి 8 తీస్తే 9, దాన్ని రెండు చేస్తే 5, 4 అని మనసులో తిప్పుకుంటూ ఉన్నానన్నాడు. తర్వాత మాట మారింది, ధ్యాస తప్పింది. నిమిషం తర్వాత అడిగితే అంకే కాదు, అంకె గుర్తుపెట్టుకోమన్నారన్న సంగతే గుర్తులేదు.

ఇప్పుడు మొదట్లో నేనన్న మాట మళ్లీ చూడండి. పావుగంట పట్టుకోగలిగాడు కదా, అంటే షార్ట్ టర్మ్ మెమరీ ఉంది. చిన్నప్పటి సంగతులు చెప్పగలడు, అంటే పాత ఫైళ్లు ఉన్నాయి. ర్యామ్ ఉంది, హార్డ్ డిస్క్ ఉంది, సేవ్ బటన్ పోయింది. ఈ పోలిక నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి వాడుతున్నాను, ఇంకో రెండు నిమిషాల్లో అదే ఫెయిల్ అవుతుంది చూడండి.

1957లో స్కోవిల్, మిల్నర్ కలిసి పేపర్ ప్రచురించారు. పేషెంట్ పేరు హెచ్.ఎం. అని మాత్రమే. అంతకుముందు జ్ఞాపకం మెదడంతా పరుచుకుని ఉంటుంది, ఒక చోటు అంటూ ఉండదని చాలామంది నమ్మేవారు. ఎలకల మెదళ్లలో ముక్కలు తీస్తూ ఏళ్ల తరబడి వెతికి, జ్ఞాపకం దొరకలేదని కార్ల్ లాష్లీ 1950లో రాశాడు. ఆ లాష్లీ దగ్గర చదువుకున్నవాడే హెబ్. గురువు గురువుకి దొరకని ఆధారం శిష్యురాలికి ఒక మనిషిలో దొరికింది.

కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. ఇందాక చెప్పానే, ఏం మిగిలిందో చూడటానికి ఓపిక కావాలని. ఆవిడ హెన్రీకి ఇంకో పరీక్ష పెట్టారు. కాగితం మీద ఐదు మొనల నక్షత్రం, రెండు గీతలతో. ఆ రెండు గీతల మధ్య పెన్సిల్‌తో గీయాలి. కానీ చేతిని నేరుగా చూడకూడదు, అద్దంలోనే చూడాలి. ఇంట్లో ట్రై చేయండి, మొదటిసారి అందరి గీతలూ వంకరటింకర పోతాయి. ప్రాక్టీసుతో కుదురుతుంది. హెన్రీ మూడు రోజుల్లో ముప్పై సార్లు చేశాడు. ప్రతిరోజూ తప్పులు తగ్గాయి. రెండో రోజు మొదటి ప్రయత్నం మొదటి రోజు మొదటి ప్రయత్నం కన్నా ఎంతో మెరుగు. మూడో రోజుకి దాదాపు తప్పుల్లేవు. కానీ ఈ పని ఇంతకుముందు ఎప్పుడైనా చేశావా అంటే, లేదు. తన చెయ్యి అంత బాగా గీస్తుంటే తనకే ఆశ్చర్యం, ఇది చాలా కష్టమనుకున్నానే అని.

ఇదే 1962లో ప్రచురించారు. అర్థం ఏంటంటే, జ్ఞాపకం ఒకటి కాదు. నిన్న ఏం జరిగిందో చెప్పగలిగే జ్ఞాపకం ఒకటి, చేతులు నేర్చుకునే జ్ఞాపకం ఇంకొకటి. రెండో దానికి హిప్పోకాంపస్ అక్కర్లేదు. ఒక్క సేవ్ బటన్ ఉండి అది పోతే ఏదీ సేవ్ కాకూడదు కదా? అందుకే నా కంప్యూటర్ పోలిక ఇక్కడ పనిచేయదు. మెదడులో ఒక డిస్క్, ఒక బటన్ లేవు, వేర్వేరు పనులకి వేర్వేరు దారులున్నాయి.

మీ చేతిలోనే దీనికి సాక్ష్యం ఉంది. ఫోన్ ప్యాటర్న్ లాక్ పెట్టుకున్నవాళ్లు, కళ్లు మూసుకుని ఆ గీత ఏ చుక్క నుంచి ఏ చుక్కకి పోతుందో నోటితో చెప్పండి. చాలామంది ఆగిపోతారు, లేదా గాల్లో వేలు కదిలించి చూసుకుని అప్పుడు చెబుతారు. ఏటీఎం పిన్ కూడా అంతే, కీప్యాడ్ మీద వేళ్లు పెడితేనే వచ్చేవాళ్లున్నారు. వేలికి తెలుసు, నోటికి తెలియదు.

ఈ కథలో పోస్ట్ గ్రాడ్యుయేట్ విద్యార్థుల వరస ఇంకా ఉంది. 1962లో బ్రెండా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సుజాన్ కార్కిన్ హెన్రీని మొదటిసారి కలిసింది. చేతి స్పర్శతో దారి కనుక్కునే పరీక్ష ఆవిడ టాపిక్. తర్వాత ఎంఐటీకి వెళ్లి, హెన్రీ చనిపోయేవరకూ, అంటే 2008 దాకా, అతన్ని పరిశోధిస్తూనే ఉంది. అదే మెక్‌గిల్‌లో 1960ల్లో పీహెచ్‌డీ చేసిన జాన్ ఓకీఫ్ తర్వాత లండన్‌లో, ఎలక ఒక చోట ఉన్నప్పుడు మాత్రమే స్పందించే కణాలు హిప్పోకాంపస్‌లో కనిపెట్టాడు. 2014లో ఆయనకి నోబెల్ వచ్చింది. అదే ఏడాది మార్కస్ రైకిల్, ఓకీఫ్, మిల్నర్ ముగ్గురికీ కావ్లి ప్రైజ్ ఇచ్చారు. అప్పటికి బ్రెండాకి 95 దాటాయి. 2018లో వందో పుట్టినరోజు చేసుకున్నారు.

ఇంతవరకూ వింటే ఇది విజయగాథలాగే ఉంది కదా. ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఈ వైపు చెప్పకపోతే నేను మీకు సగమే చెప్పినట్టు.

హెన్రీ 55 ఏళ్లు అలాగే బతికాడు. పెళ్లి లేదు, అమ్మానాన్నలతో, తర్వాత ఒక బంధువు దగ్గర, చివర్లో నర్సింగ్ హోమ్‌లో. వందమందికి పైగా పరిశోధకులు అతన్ని పరీక్షించారు. రిసెర్చ్‌కి పేషెంట్ సమ్మతి తీసుకోవాలి, అది నియమం. పావుగంట తర్వాత గుర్తుండని మనిషి సంతకం పెడితే దాన్ని సమ్మతి అనొచ్చా? 1992లో కోర్టు ద్వారా అతనికి ఒక సంరక్షకుణ్ణి పెట్టారు. దానికి ముందు సంగతేంటి, ఆ సంరక్షకుణ్ణి ఎంచుకున్న తీరు సరైనదేనా అని 2016లో వచ్చిన ఒక పుస్తకం గట్టిగా ప్రశ్నించింది. రాసింది ఎవరో తెలుసా? ల్యూక్ డిట్రిక్, ఆపరేషన్ చేసిన స్కోవిల్ మనవడు. పుస్తకం మీద పెద్ద గొడవే జరిగింది, కార్కిన్ తరఫున చాలామంది శాస్త్రవేత్తలు నిలబడ్డారు. స్కోవిల్ విషయానికొస్తే, ఇలా రెండువైపులా తీయొద్దని తోటి సర్జన్లని తర్వాత ఆయనే హెచ్చరించాడు.

నా అభిప్రాయం చెప్తాను. ఇందులో ఒక విలన్‌ని వెతకడం తేలిక, కానీ దానివల్ల మనం నేర్చుకునేది తక్కువ. బ్రెండా చేతిలో కత్తి లేదు, జరిగిన నష్టాన్ని జాగ్రత్తగా కొలిచి అందరికీ చెప్పడం వల్లే తర్వాతి పేషెంట్లు బతికిపోయారు. అది నిజం. అలాగే, హెన్రీకి ఆ పేపర్ల వల్ల తన జీవితంలో ఒరిగింది పెద్దగా ఏమీ లేదన్నది కూడా నిజం. ఈ రెండింట్లో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసేవాళ్లు ఈ చదువుకి రాకపోవడమే మంచిదని నేననుకుంటాను. ఇక్కడ మీ డేటా టేబుల్‌లో ఒక్కో వరస ఒక్కో మనిషి. నేను కంపెనీలో పనిచేసిన నాలుగేళ్లూ యూజర్ ఐడీ అనే కాలమ్ చూశాను, దాని వెనక మనిషి గురించి ఎవరూ అడగలేదు. న్యూరోసైకాలజీలో మొదటి రోజే అడుగుతారు.

హెన్రీ చనిపోయాకే అతని పూర్తి పేరు ప్రపంచానికి తెలిసింది. 2009లో శాన్ డియాగోలో అతని మెదడుని 2401 సన్నని పొరలుగా కోశారు. 53 గంటలు పట్టింది, ఇంటర్నెట్‌లో లైవ్ ఇచ్చారు. హిప్పోకాంపస్ వెనక భాగం కొంత మిగిలే ఉందని ఆ పొరల్లో తేలింది. అంటే హిప్పోకాంపస్ ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న భాగాలు పోవడం కూడా కారణమే. యాభై ఏళ్ల పాటు పాఠ్యపుస్తకాల్లో ఉన్న కథకి కూడా సవరణ వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇదంతా కెనడాలో, అమెరికాలో జరిగింది, మనకేంటి అంటారా? హైదరాబాద్ నిమ్స్‌లో మెమరీ క్లినిక్ ఉంది. న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి గారి బృందం అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్ల వివరాలు చూసి 2013లో న్యూరాలజీ జర్నల్‌లో ప్రచురించింది. వాళ్లలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వాళ్లకన్నా వీళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికే వెళ్లనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. ఇది ఎందుకు గొప్ప సంగతంటే, అంతకుముందు ఇలాంటి పరిశోధన ఎక్కువగా వలస వెళ్లినవాళ్లున్న దేశాల్లో జరిగింది. అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్లు వలసదారులే కాబట్టి, తేడా భాష వల్లా, వలస వల్లా అని విడదీయడం కష్టం. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడతాడు. ఈ ప్రశ్న అడగడానికి మన ఊరే సరైన ల్యాబ్. అయితే ఒక మాట, ఇది పేషెంట్ల రికార్డుల్లో కనిపించిన సంబంధం. భాష నేర్చుకుంటే జబ్బు రాదని గ్యారంటీ కార్డు కాదు. వాట్సాప్‌లో అలా ఫార్వర్డ్ చేయకండి ప్లీజ్.

ఇంకో సంగతి గమనించండి. ఇంగ్లిష్‌లో తయారైన మెమరీ పరీక్షని చదువురాని తెలుగు పెద్దావిడకి పెడితే ఏమవుతుంది? మార్కులు తక్కువొస్తాయి, జబ్బు వల్ల కాదు, పరీక్ష వల్ల. పరీక్షని మన భాషకీ మన జీవితానికీ తగ్గట్టు తయారు చేయాలి. ఈ పని చేసేవాళ్లు కావాలి. తెలుగు బాగా వచ్చిన పీజీ స్టూడెంట్‌కి ఉన్న నిజమైన బలం ఇక్కడుంది.

చదవాలనుకునేవాళ్లకి పనికొచ్చే మాటలు కొన్ని. మన దేశంలో కాగ్నిటివ్ సైన్స్ చదువుకి అలహాబాద్ యూనివర్సిటీలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రత్యేక సెంటర్లున్నాయి. ఐఐటీ గాంధీనగర్‌లో, కాన్పూర్‌లో ప్రోగ్రాములున్నాయి, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ల్యాబ్ ఉంది. ఆస్పత్రి వైపు వెళ్లాలంటే బెంగళూరు నిమ్హాన్స్ పెద్ద పేరు. ఒక తేడా స్పష్టంగా పెట్టుకోండి. పరిశోధన చదువు వేరు, పేషెంట్లని చూసే లైసెన్స్ వేరు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉత్త ఎమ్మే, ఎమ్మెస్సీ సైకాలజీతో అది రాదు. ఈ రూల్స్ మారుతుంటాయి, ఫీజు కట్టేముందు ఆ సంవత్సరం కౌన్సిల్ లిస్టు మీరే చూసుకోండి. కాలేజీ బ్రోషర్‌ని నమ్మకండి.

బీటెక్ వాళ్లకి కోడింగ్, స్టాటిస్టిక్స్ పనికొస్తాయి, ప్రయోగాలన్నీ ఇప్పుడు కంప్యూటర్ మీదే నడుస్తాయి. కొత్తగా నేర్చుకోవాల్సింది మనిషి ముందు కూర్చోవడం. ఒకే ప్రశ్నని నలభయ్యో పేషెంట్‌ని కూడా మొదటి పేషెంట్‌ని అడిగినట్టే అడగడం. ఇంటర్వ్యూలో "ఎందుకు ఈ కోర్సు?" అంటే మెదడు అంటే ఇంట్రెస్ట్ అండీ అని అందరూ అంటారు. దానికి బదులు ఒక్క ప్రశ్న పట్టుకెళ్లండి, మీ చుట్టూ చూసింది, మీకు జవాబు తెలియనిది. బ్రెండా పట్టుకెళ్లింది కూడా అదే: ఒకవైపే తీస్తే ఈ ఇద్దరికే ఎందుకిలా అయింది?

ఇంట్లో వాళ్లు పిచ్చోళ్ల డాక్టరు అంటే కోపం తెచ్చుకోకండి. ఆ ప్యాటర్న్ లాక్ ప్రయోగం వాళ్ల ఫోన్‌తోనే చేయించండి, తర్వాత హెన్రీ నక్షత్రం గురించి చెప్పండి. నాన్నగారు ఫోన్ అన్‌లాక్ చేస్తూ ఒకసారి ఆగి ఆలోచిస్తారు చూడండి, అక్కడి నుంచి మాట కలపొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో టాపిక్‌తో కలుద్దాం. ఉంటానండీ, బై.